పుల్ల ఆర్పిన పొర

అగ్గిపుల్ల ఆరిపోయింది.

ఫ్యాక్టరీ ఓనరు ఇంకోటి గీసి బర్నర్ దగ్గర పెట్టాడు. గాలి బుస్సుమంటూ వస్తోంది. బర్నర్ వెలగలేదు సరికదా, పుల్ల మీదున్న మంట కూడా చచ్చింది. మూడోదీ అంతే.

ఎదురు కుర్చీలో కూర్చున్న కాంట్రాక్టరు ఆవులించాడు. ఊళ్లో మురుగునీటి ప్లాంట్లన్నీ ఆయనవే. నచ్చితే అన్నిటికీ ఈ సరుకే కొంటానని చూడటానికి వచ్చాడు.

ఓనరు పక్కనే తెల్లకోటులో నిలబడ్డావిడ వైపు గిర్రున తిరిగాడు.

"ఏమ్మా డాక్టరమ్మా! జలుబుకి మాత్ర రాయడం రాకపోయినా పేరు ముందు డాక్టరుందని నెత్తిన పెట్టుకున్నాను. ఇన్నేళ్లూ వండి వార్చింది ఇదేనా?"

ఆవిడ చేసింది ఒక పొర. పాలిమర్‌లో సిరామిక్ పొడి కలిపి, ఉల్లిపొర కన్నా పల్చగా తీసిన పొర. మురుగులోంచి వచ్చే గ్యాసులో మండేదీ మండనిదీ కలిసే ఉంటాయి. మండనిది పొర దాటి ఒక పైపులోంచి షెడ్డు వెనక్కి పోవాలి. మండేది ఇవతలే ఆగి, రెండో పైపులోంచి బర్నర్‌కి రావాలి.

"సార్, పుల్ల ఆరిపోయిందంటే..."

"ఆరిపోయిందని చూడ్డానికి మాకూ కళ్లున్నాయి!"

"అది కాదు సార్. పైపులు ఎవరు బిగించారు?"

ఓనరు మేనల్లుడు ముందుకొచ్చాడు. అక్కడ అతనే ఇంజనీరు. మావయ్య ఫ్యాక్టరీ కాబట్టి ఇంజనీరు.

"నేనే బిగించాను. చూశావా మావయ్యా, తప్పు నా మీదకి తోస్తోంది!"

"తోయకేం చేస్తుందిరా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు!"

"మీ ఇంటి గొడవ మీరు తేల్చుకోండి. నేనలా తిరిగొస్తాను," అంటూ కాంట్రాక్టరు లేచి వెనక తలుపులోంచి బయటికి నడిచాడు.

బేరం చెయ్యిజారిందని ఓనరుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"సార్, ఒక్క నిమిషం. ఆ పైపులు విప్పి చూద్దాం," అందావిడ.

"నువ్వు విప్పాల్సింది ఆ తెల్లకోటు! పింగాణీ పొడి ప్లాస్టిక్‌లో కలిపి సైన్సంటే చెవిలో పువ్వు పెట్టుకున్నాననుకున్నావా? గుమ్మం అటుంది."

మేనల్లుడు కిసుక్కుమన్నాడు. "మా ఇంట్లో టీ వడగట్టు దీనికన్నా నయం!"

ఆవిడ కోటు విప్పి మేనల్లుడి చేతిలో పెట్టింది.

"తొడుక్కో నాయనా, నీకే నప్పుతుంది. సార్, దేన్ని పోనివ్వాలో, దేన్ని ఉంచుకోవాలో ఆ పొరకి తెలుసు. మీకే తెలీదు."

ముందు తలుపులోంచి వెళ్లిపోయింది.

"పీడా పోయింది!" అన్నాడు ఓనరు.

"బజార్లో ఇంతకన్నా మంచివి దొరుకుతాయిలే మావయ్యా," అంటూ మేనల్లుడు కోటు తొడుక్కుని గుండీలు పెట్టుకుంటున్నాడు. ఇంతలో షెడ్డు వెనక భగ్గుమన్న చప్పుడు, వెంటనే ఒక కేక. ఇద్దరూ ఉలిక్కిపడి చూసేసరికి కాంట్రాక్టరు ముఖమంతా మసితో వెనక తలుపులో నిలబడి ఉన్నాడు.

"మీ వెనక పైపు దగ్గర సిగరెట్ వెలిగించుకోబోతే నా మీసం సగం కాలిపోయిందయ్యా! ఆ డాక్టరమ్మ ఎటెళ్లిందో చెప్పండి, ఇక బేరం ఆవిడతోనే!"