పై మెట్టు

"సార్, ఎవరో నిచ్చెనెక్కేశారు!"

పనిచేసే అమ్మాయి కేకకి ఇనప సామాన్ల షాపు ఓనరు టీ గ్లాసు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

గోడకి ఆనించిన కొత్త అల్యూమినియం నిచ్చెన. దాని కింద ఒద్దికగా విడిచిన పాత చెప్పుల జత.

పై మెట్టు మీద ఒక ముసలాయన. కళ్ళు మూసుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మెల్లగా బరువు మారుస్తున్నాడు. ఏదో వింటున్నట్టుంది.

"పెద్దాయనా, దిగండి! పడ్డారంటే మా పీకల మీదికొస్తుంది."

ఆయన తొందరపడకుండా దిగాడు. పక్కది ఎక్కాడు. దిగాడు. ఆ పక్కది ఎక్కాడు.

అయిదోది దిగాక అన్నాడు. "ఇది నాకివ్వండి బాబూ. పై మెట్టు కిర్రుమంటోంది."

అమ్మాయికి నవ్వాగలేదు. "కిర్రుమననిది తీసుకోండి తాతయ్యా!"

"అవి వేరేవాళ్ళకి ఉండనీ అమ్మా."

నిచ్చెనల కంపెనీ లారీ గురువారం గురువారం వచ్చేది. దాని వెనకే ఆయనా వచ్చేవాడు. అన్నీ ఎక్కి చూసి, బాగాలేనివే కొని, భుజాన వేసుకుని పోయేవాడు.

ఓనరుకి ఇంతకన్నా ఏం కావాలి? వంకరటింకరవన్నీ ఏరి ఆయన కంటపడేలా ముందు నిలబెట్టేవాడు.

"ఇన్ని ఏం చేసుకుంటారు పెద్దాయనా? స్వర్గానికేమైనా వేస్తున్నారా?"

"ఎవరూ తొందరపడి పోకుండా చూస్తున్నా బాబూ."

ఓనరు పగలబడి నవ్వాడు.

ప్రతి నిచ్చెనకీ చిన్న ఆకుపచ్చ కాగితం అంటించి ఉండేది. 'ఎక్కి పరీక్షించాం' అని అచ్చు, కింద ఒక సంతకం. ఆ సంతకంలో చివరి అక్షరం గాలిపటం తోకలా సాగి ఉండేది.

కొనేవాళ్ళు సందేహిస్తే ఓనరు ఆ కాగితం మీద వేలు పెట్టి చూపించేవాడు. "ఊరికే పంపరండీ. మనిషి స్వయంగా ఎక్కి చూసి సంతకం పెడితేనే బయటికొస్తుంది."

ఆ మాట వినబడినప్పుడల్లా ముసలాయన తల దించుకుని చెప్పులు వెతుక్కునేవాడు.

ఒకరోజు అమ్మాయి ఆయనకి మంచినీళ్ళిస్తూ అంది.

"మా ఆయన బతుకూ నిచ్చెన మీదే తాతయ్యా. గోడలకి రంగులేస్తాడు. ఉన్నది చెక్కది, పుచ్చిపోయింది. కొత్తది కొనాలి."

గ్లాసు ఆయన నోటి దాకా వెళ్ళి ఆగింది.

"కొనేటప్పుడు నాకు చెప్పు తల్లీ. నేనెక్కి చూశాకే తీసుకెళ్ళు."

"అలాగే."

"అలాగే కాదు. మాటివ్వు."

"ఒట్టు తాతయ్యా! నీళ్ళు తాగండి ముందు."

ఆ పై నెల కంపెనీ ఏజెంటు షాపుకొచ్చాడు. పై మెట్టు మీదున్న మనిషిని చూడగానే అతని మొహం మాడిపోయింది. ఓనరుని పక్కకి లాగాడు.

"ఇలా ఎక్కి దిగుతుంటే మా సరుకు మీద జనానికి అనుమానం రాదా సార్? ఆయన్ని ఇంకోసారి రానిచ్చారంటే మా లారీ మీ వీధి మొహం చూడదు."

గురువారం ఓనరు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇక మీదట రావద్దు పెద్దాయనా."

"ఊరికే అడగట్లేదుగా బాబూ. కొంటున్నాగా."

"మీ బేరమూ వద్దు, మీరూ వద్దు."

"పోనీ మీరే ఎక్కి చూసి అమ్మండి. కింది మెట్లు అందరూ చూస్తారు. పైదాకా ఎవరూ ఎక్కరు."

"వెళ్తారా, గెంటించమంటారా?"

రెండు గురువారాలు ఆయన రోడ్డుకి అవతల నిలబడ్డాడు. నిచ్చెన మోసుకెళ్ళేవాళ్ళ వెంటపడి బతిమాలాడు. "ఒక్కసారి దించండి బాబూ, ఎక్కి చూసి ఇచ్చేస్తాను." దొంగ అనుకున్నారు. ఎవరో తోశారు కూడా.

మూడో గురువారం ఆ చోట ఎండ మాత్రమే ఉంది.

ఆ సాయంత్రమే అమ్మాయి భర్త కోసం నిచ్చెన తీసుకుంది. గుమ్మంలో ఆగి వీధి ఆ చివరా ఈ చివరా చూసింది. కాసేపు చూసింది. తర్వాత ఆకుపచ్చ కాగితం మీది దుమ్ము బొటనవేలితో తుడిచి, నిచ్చెన ఎత్తుకుంది.

తర్వాత రెండు వారాలు ఆమె పనికి రాలేదు.

వచ్చిన రోజున లోపలికి వచ్చి, రంగు మరకల చొక్కాలో చుట్టి తెచ్చినదాన్ని బల్ల మీద విప్పింది. విరిగిన నిచ్చెన మెట్టు. పక్కనే ఆకుపచ్చ కాగితం.

"మా ఆయన పోయాడు సార్."

ఓనరు ఆ కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

"తాతయ్య ఎక్కి చూశాకే తీసుకుంటానని ఒట్టేశాను. మీరేమో ఆయన్ని రానివ్వలేదు. సంతకం ఉందిగా, ఫరవాలేదనుకున్నాను."

చొక్కా మడిచి గుండెకి ఆనించుకుని వెళ్ళిపోయింది. మెట్టు బల్ల మీదే ఉండిపోయింది.

ఓనరు ఏజెంటుకి ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, ఈ సంతకం పెట్టినవాడెవడు? ఎక్కకుండానే ఎక్కానని ఎలా పెట్టాడు? వాణ్ణి తెచ్చి నా ముందు నిలబెట్టు!"

ఏజెంటు గొంతు తగ్గించాడు.

"ఆయన పెట్టలేదు సార్. పరీక్షల విభాగం ఎత్తేసి రెండేళ్ళయింది. దండగ ఖర్చన్నారు మా పైవాళ్ళు. మనిషిని పంపేసి, సంతకం అచ్చు ఉంచుకున్నారు. తన సంతకం తీసెయ్యమని పాపం ఆయన మా ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"ఏమో సార్. ఆఖరిసారి నేనాయన్ని చూసింది మీ షాపులోనే, పై మెట్టు మీద."