ఐదువందలో తల

మేకలదొడ్డిలో తలల లెక్క నాలుగువందల తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయింది.

ఊరి వివరాలు రాసుకోవడానికి మండలాఫీసు నుంచి వచ్చిన సుకన్య రెండుసార్లు ఇల్లిల్లూ తిరిగింది. బావులెన్ని, గొడ్లెన్ని, బడికి కప్పుందా, అన్నీ రాసుకుంది. ఒక్క మనిషే తక్కువ. ఐదువందలుంటేనే సొంత పంచాయతీ. లేదంటే ఎప్పట్లాగే దిగువూరి కింద పడుండాలి.

ఊరిపెద్ద చెంగల్రాయుడికి ముద్ద దిగలేదు. సర్పంచి కుర్చీ కోసం ఇరవయ్యేళ్లుగా కాచుక్కూచున్నాడాయన. తెల్ల చొక్కాలు కూడా కుట్టించి పెట్టుకున్నాడు.

"పొలిమేర అవతల గుడిసె ఒకటుంది కదండీ?" అంది సుకన్య.

ఆ గుడిసె నాంచారిది. తొమ్మిదేళ్ల కిందట రాయుడి పొట్టేలు కనబడకపోతే, ఆమె మొగుడు పోలయ్యను స్తంభానికి కట్టేసి కొట్టారు. ఇద్దర్నీ పొలిమేర దాటించారు. పొట్టేలు మూడోనాడు దానంతటదే ఇంటికొచ్చింది. పోలయ్య మాత్రం ఆ ఏడు దాటలేదు. పాడె మొయ్యడానికి ఊళ్లోంచి ఒక్క పురుగు కదల్లేదు. పాపిష్టి ఊరు!

ఆ ఊరే ఇప్పుడు మధ్యాహ్నపుటెండలో ఆమె గుడిసె ముందు నిలబడింది.

నాంచారి తలెత్తలేదు. గంప అల్లుకుంటూనే ఉంది.

"మేయ్ నాంచారీ, నువ్వు మా ఊరిదానివేనని రాయించుకో," అన్నాడు రాయుడు.

"నేనా? మీ ఊరిదాన్నా? పొలిమేర దాటొస్తే కాళ్లిరగ్గొడతానంటివి గదా సామీ?"

"అదెప్పటి మాట! ఇప్పుడెందుకు తవ్వుతావు?"

"నీకు ఎప్పటిదో. నాకు నిన్నటిదే. పోలయ్య దొంగ కాదని నలుగురూ వినేలా చెప్పు. రాయించుకుంటా."

రాయుడి మొహం మాడిపోయింది. జనం వైపు చూశాడు. జనం నేల చూపులు చూశారు.

"కాదులే," అని గొణిగాడు.

"నాకు చెవుడు సామీ."

"పోలయ్య దొంగ కాదు! చాలునా?"

"చాల్లే. ఉసురు తగలకుండా ఒక దండం కూడా పెట్టు."

పళ్లు కొరుక్కుంటూనే పెట్టాడు. కుర్చీ ఆశ అలాంటిది మరి!

సుకన్య కాగితం తీసింది. పేరు రాసింది, వయసు రాసింది. కులం దగ్గరికొచ్చేసరికి నాంచారి నోరు తెరిచేలోపే రాయుడు అందుకున్నాడు.

"ఎరుకల! తప్పు లేకుండా రాయమ్మా. ఎస్టీల్లో మాకుండేది ఈ ఒక్క గడపే. మేకలదొడ్డిలో అన్ని కులాలూ ఉండాయని పైవాళ్లకు తెలియాల."

నాంచారి వేలిముద్ర వేసింది. ఐదువందలు! పలక డప్పులు మోగాయి. కుర్రకారు రాయుణ్ణి భుజాలకెత్తుకున్నారు.

"పిచ్చి మొహంది, ఒక్క దండానికే కరిగిపోయింది," అని నవ్వుకుంటూ ఊళ్లోకి పోయారు.

మేకలదొడ్డి పంచాయతీ అయితే మొదటి సర్పంచి పదవి ఎస్టీ మహిళకేనని మండలాఫీసు గోడకు కాగితం అంటించి అప్పటికి నాలుగు రోజులయిందన్న సంగతి, రోజూ ఆ గోడ నీడలో గంపలమ్ముకునే నాంచారికి తప్ప ఆ ఊళ్లో ఇంకెవరికీ తెలియదు.