ఏటవతలి పందేలు

గుట్ట కింద బీడులో జింకలూ దుప్పులూ కుందేళ్ళూ ఏటా పరుగు పందేలు పెట్టుకునేవి. ఎక్కువగా జింకలదే పైచేయి. అయినా కుందేళ్ళ పెద్ద చెంగమ్మ తన పిల్లల్ని ఏనాడూ వెనక్కి తగ్గనివ్వలేదు.

ఒక ఏడు జింకలు ఏటవతలి పెద్ద మైదానానికి మారిపోయాయి. అక్కడైతే చూడ్డానికి ఏనుగులు కూడా వస్తాయట. దుప్పులూ వాటి వెంటే పోయాయి.

"మనమూ పోకపోతే మనమంటూ ఉన్నామని ఎవరికి గుర్తుంటుంది?" అనుకుంది చెంగమ్మ. ఆ మైదానానికి పెద్ద అయిన మనుబోతు మామను బతిమాలి చోటు సంపాదించింది.

ఏరు దాటి, ఎండలో రాళ్ళదారి నడిచి చేరేసరికే కుందేళ్ళ కాళ్ళు పీక్కుపోయేవి. అక్కడ పందేలు ఏడాదికోసారి కాదు, ఎడతెగకుండా జరిగేవి; ఓడి ఇల్లు చేరేలోపే మళ్ళీ పిలుపు వచ్చేది. పిల్లలకు బొరియ తవ్వడం నేర్పే తీరికే లేకపోయింది. వానలు పట్టేసరికి అవి తుప్పల కింద తడిసి వణుకుతూ ముడుచుకున్నాయి.

చెంగమ్మ అది చూసింది. మర్నాడే వెళ్ళి, "ఇక మేం రాలేం, మామా" అంది.

"పిచ్చిదానా, అక్కడ మిమ్మల్నెవరు చూస్తారే?" అన్నాడు మనుబోతు.

"ఎవరూ చూడకపోవచ్చు. ముందు పిల్లలు తలదాచుకోవాలి గదా."

ఇంటికొచ్చి బొరియలు తవ్వించింది. వానలు వెలిశాక పొరుగునున్న ముంగిసల్నీ కౌజుపిట్టల్నీ పందేనికి పిలిచింది. చూడ్డానికి వచ్చింది ఒక్క తాబేలు. అదీ పందెం ముగిశాక చేరింది.

"అయిపోయిందా?" అని తాబేలు దిగాలుగా అడిగింది. చెంగమ్మ పిల్లల వంక చూసింది. అవి మళ్ళీ పందెం మొదలయ్యే గీత దగ్గరికి పరుగెత్తాయి.