ఏ మిషన్లోనూ పట్టని క్యాసెట్

"ఇది పట్టదు మేడం."

విజయభాస్కర్ క్యాసెట్‌ను కౌంటర్ మీద ఇటు తోశాడు. సెల్‌ఫోన్లు బాగుచేస్తూ, పాత వీడియో క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే కొట్టు అతనిది, నెల్లూరులో.

ఎవాంజెలిన్‌కు ఒళ్లు మండింది.

"చిన్న క్యాసెట్ పెద్ద మిషన్లో పట్టాలంటే ఈ డబ్బాలో పెట్టాలన్నావు. కొన్నాను. మళ్లీ పట్టదంటావేందన్నా?"

"చిన్నవాటిల్లో రెండు రకాలు మేడం. ఆ డబ్బా ఆ రకానికి. దీని మిషనే వేరు."

"అది యాడ దొరుకుద్ది?"

"ఇప్పుడెవరూ చెయ్యట్లేదు."

"ఒకడు పెద్దది చేస్తాడు. ఒకడు చిన్నది చేస్తాడు. ఒకడిది ఇంకొకడి దాంట్లో దూరదు. వాళ్లలో వాళ్లు కొట్టుకుని మూసుకుపోయారు. మా నాన్న గొంతు మాత్రం ఇందులో ఇరుక్కుంది."

ఆమెకు ఏడాది నిండకముందే నాన్న బెన్హర్ పోయాడు. మైపాడు బీచ్‌లో ఈస్టర్ తెల్లవారుజామున ఆయన పాడిన పాట ఈ ఒక్క క్యాసెట్‌లోనే ఉంది. ఇందుకూరుపేటలో అమ్మ కరుణాకుమారి ఆఖరి రోజుల్లో ఉంది. ఆ పాట ఒక్కసారి వినాలంటోంది. ఇంకేమీ అడగడం లేదు.

సెల్ రిపేరుకిచ్చి పక్కన కూర్చున్న ముసలాయన ఒకాయన క్యాసెట్ అందుకున్నాడు. దాని మీది అక్షరాలు కళ్లకు దగ్గరగా పెట్టి చూశాడు.

"ఇది మీకు యాడిదమ్మా?"

"ఇటివ్వండి."

"ఉండమ్మా, నా కాడ..."

"మీ కాడేముంది, ఇంకో డబ్బానా?" ఎవాంజెలిన్ క్యాసెట్ లాక్కుంది. "చెన్నైలో ఒకడు ఇట్లానే తెమ్మన్నాడు. వారాలు వారాలు ఉంచుకుని పట్టదని తిప్పి పంపాడు. మీ కమిషన్ బేరాలు ఇంకెవరితోనైనా పెట్టుకోండి, పెద్దాయనా."

ముసలాయన ఇంకేదో అనేలోపే ఆమె స్కూటీ ఎక్కేసింది.

సాయంత్రం విజయభాస్కర్ ఫోన్ చేశాడు.

"పొద్దున ఆయన లేడా మేడం, ఆండ్రూ అంట. మీకిమ్మని నంబరిచ్చి పోయినాడు."

"చించి పారెయ్."

మంచం మీద అమ్మ కళ్లు తెరిచింది.

"ఎవురి మీద పాపా, అంత కోపం?"

"నీ క్యాసెట్ మీద."

"ఆదెయ్య ఉంటే ఇంత తిప్పలుండేది కాదు. మీ నాయన స్నేహితుడు. కువైట్ నుంచి తెచ్చిన కెమెరాతో అది తీసింది ఆయనే. ఆ కెమెరాకే వైరు తగిలించి టీవీలో చూపించినాడు."

"ఇన్నాళ్లూ చెప్పలేదేమ్మా? యాడుంటాడు?"

"మీ నాయన పోయినాక మళ్లీ కువైట్ పోయినాడు. వచ్చి ముత్తుకూరులో ఇల్లు కట్టుకున్నాడని విన్నా. చూసింది లేదు."

మర్నాడు ఎవాంజెలిన్ ముత్తుకూరంతా తిరిగింది. కువైట్ నుంచి వచ్చిన ఆదెయ్య కావాలని టీ కొట్లలో అడిగింది, కరెంటు ప్లాంటు గేటు దగ్గర అడిగింది, చర్చిలో అడిగింది.

"ఆదెయ్యా? మా సంఘంలో ఆ పేరుతో ఎవరూ లేరమ్మా," అన్నాడు చర్చి కాపలా మనిషి.

"ఊళ్లో మనిషి ఊళ్లోవాళ్లకే తెలీదంటే ఇదేం ఊరు?" అని చర్చి ముందు ఆగి ఉన్న ఆటోవాడి మీద విరుచుకుపడింది.

"నేనేం జేసినానక్కా?" అన్నాడతను.

ఆ రాత్రి గడిచి తెల్లవారేసరికి కరుణాకుమారి పోయింది. పాట వినలేదు.

ఇంటి ముందు షామియానా కింద పెట్టె ఉంచారు. ప్రార్థన మొదలవబోతుండగా ఒక మనిషి సంచి పట్టుకుని గబగబా లోపలికొచ్చాడు.

కొట్లో చూసిన ముసలాయన.

ఎవాంజెలిన్ లేచి ఎదురెళ్లింది.

"ఇక్కడికి కూడా వచ్చావా? శవం ముందర కూడా బేరమేనా?"

ఆయన పెట్టె వైపే చూస్తున్నాడు.

"నంబరిచ్చినా, నువ్వు ఫోన్ చెయ్యలే. ఇల్లు తెలిసిందే గదా అని వచ్చినా. దీని వైరు ఎలకలు కొరికేసినాయమ్మా. ఇప్పటి వైర్లు ఒక్కటీ దీనికి పట్టవు. అతికించేసరికి ఇంత పొద్దయింది."

సంచిలోంచి నల్లటి పాత కెమెరా తీశాడు.



పక్కింటి చెంచమ్మ కళ్లు తుడుచుకుంటూ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"బాప్తిస్మం తీసుకుని ఆండ్రూవి అయినావంట, ఇందాకనే ఎవరో చెప్తే విన్నా. పాపం కరుణకి ఆ సంగతే తెలీదు."

"చెప్పే వీలు పడలేదక్కా."

"ఈ బిడ్డ నిన్నంతా నీకోసం ముత్తుకూరంతా తిరిగింది, ఒక్కరోజు ముందు రాకపోతివా, ఆదెయ్యా."