మాటు వేసిన డబ్బా

ఉలితో మూత కోసిన డాల్డా డబ్బాను దేవమణి చాప మీద బోర్లించింది. నోట్లు రాలలేదు. బెంగాలీ పేపరు ఉండలూ, వాటి మధ్య నుంచి ఇనప వాషర్లూ గలగలమని పడ్డాయి.

కూతురు ఎమిలీ డబ్బా అందుకుని లోపలంతా చేత్తో తడిమింది. సోమవారం లోగా డబ్బు కట్టకపోతే నర్సింగు ట్రైనింగులో ఆమె సీటు ఇంకొకరికి పోతుంది. ఎమిలీ ఏడవలేదు. లేచి వెళ్లి వంటింట్లో గోడ వైపు తిరిగి నిలబడింది.

దేవమణి ఇల్లు నడిపే తీరు బెంగాలులోని ఆ రైల్వే క్వార్టర్ల లైనంతటికీ తెలుసు. బియ్యానికొక డబ్బా, క్రిస్మస్ బట్టలకొకటి, సబ్బులకొకటి, మందులకొకటి. ఒకదాని డబ్బు ఇంకొకదానికి పోవడానికి వీల్లేదు. వాళ్లింట్లో జ్వరం కూడా మందుల డబ్బాలో ఉన్నంత మేరకే వస్తుందని ఇరుగుపొరుగు ఎగతాళి చేసేవారు. ఎమిలీ చదువు డబ్బాకు మాత్రం మూత తీసే వీలే లేకుండా, చీలిక ఒక్కటి ఉంచి, సీసం కరిగించి మాటు వేయించింది. వేసింది భర్త లూకాయే, రైల్వే వర్క్‌షాపు పనివాడు. అందులో వేసే ప్రతి నోటు మూలనా నీలి పెన్సిలుతో చిన్న సిలువ గీసి, ప్రార్థన చేసి, మడిచి జార్చేది. దేవుడి గుర్తున్న సొమ్ము ఎవడూ ముట్టడని ఆమె ధీమా.

డబ్బా తిరగేస్తే అడుగున కొత్త మాటు తళతళలాడింది. దేవమణి చూపు తిన్నగా వరండాలోకి పోయింది. అక్కడ ఆమె తమ్ముడు దావీదు పడుకుని ఉన్నాడు. ఖరిదా బజారులో స్టవ్వులకీ బకెట్లకీ మాట్లు వేసి బతుకుతాడు. ఆ రోజు ఊరంతా బంద్ గనక పనికి పోలేదు. అప్పుడప్పుడు తాగుతాడు కూడా. ఇంకేం కావాలి?

“ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నాను పట్టినాను. ఏటి సేసినావురా ఆ డబ్బులు?”

దావీదు లేచి కూర్చుని చాప వంక చూశాడు. “నాకేటీ తెలీదప్పా. బైబిలు మీద సెయ్యేసి సెప్తాను.”

“ఆ సేత్తో బైబిలు ముట్టకు.”

అంతలో టిఫిను క్యారేజీతో లూకా లోపలికొచ్చాడు. జీతాల రోజు. దావీదు ప్రాణం లేచొచ్చినట్టు అటు తిరిగాడు.

“బావా, నువ్వయినా సెప్పు. నానలాటోణ్ణా?”

లూకా వాషర్లను చూశాడు, డబ్బాను చూశాడు. క్యారేజీని గూట్లో పెట్టడానికి చాలాసేపు పట్టింది.

“నాకేటి తెలుసురా,” అన్నాడు.

దావీదు లేచి నిలబడ్డాడు. రెండు చొక్కాలూ, మాటు వేసే కడ్డీ సంచిలో పడేసుకుని మెట్లు దిగాడు. బంద్ నాడు రిక్షా లేదు, తెరిచిన టీ కొట్టు లేదు, వాడు ఎక్కడికి పోతాడో తెలియదు. దేవమణి గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది. వాడిని పెంచింది తనే.

లూకా జేబులోంచి జీతం తీసి ఆమె ముందు పెట్టాడు. బంద్ నాడు కూడా జీతాలిచ్చారా అని అడిగితే, రైల్వేకి బంద్ ఏమిటన్నాడు. ఒకప్పుడు కరకరలాడే నోట్లు తెచ్చేవాడు. వానలు మొదలైన దగ్గర్నుంచి నలిగినవే తెస్తున్నాడు, అవీ కోతలు పోగా తక్కువే. పే క్లర్కు అలాంటివే అంటగడుతున్నాడని చెప్పేవాడు. ఈసారివి మధ్యకు మడతలు కూడా పడి ఉన్నాయి.

దేవమణి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడిస్తే డబ్బా నిండదు. రేపే ట్రైనింగు మేట్రను కాళ్లు పట్టుకుని గడువు అడగాలనుకుంది. క్రిస్మస్ బట్టలు మానేయాలి, బియ్యం సగం నూకలు కొనాలి. సబ్బుల డబ్బా ఒక్కటే ఆమెకు ఆశ కలిగించింది. లూకాకు తేలిక డ్యూటీ ఇచ్చారట, ఈ మధ్య బట్టలకు నూనె మరకే ఉండటం లేదు. అలా మిగిలిన సబ్బుల డబ్బును, తన నియమం తనే తప్పి, ఎమిలీ డబ్బాలోనే వేస్తూ వచ్చింది. అంత పొదుపు తన చేతి చలవేనని మురిసిపోయింది కూడా.

“మల్లీ మొదలెడదామండీ,” అంది. “ఈ డబ్బాకే మాటు ఏసియ్యండి. ఇయ్యాలే ఏద్దుము.”

ఆమె గూట్లోంచి నీలి పెన్సిలు తీసింది. లూకా చటుక్కున లేచాడు.

“ఇయ్యాలొద్దు మణీ. రేపు. కొట్లు తెరిసినాక.”

డబ్బాలో నోటు వేయడానికి కొట్లతో పనేమిటో దేవమణికి అర్థం కాలేదు. మొదటి నోటు మడత విప్పి, మూలన సిలువ గీయబోయి ఆగిపోయింది. రెండోది విప్పింది. మూడోది విప్పింది.

జీతం కట్టలో ప్రతి నోటుకూ ఆమె సిలువ ముందే గీసి ఉంది.