షెడ్డు పడమటి గోడ

పొద్దున వచ్చి చూసేసరికి, నిన్న గోడకు పూసిన సిమెంటంతా నేల మీద ఉంది.

దావీదురాజు తాపీ చేతపట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

కర్నూలు రాజధాని అయి ఇంకా ఏడాది తిరగలేదు. ఊరంతా కట్టుబడి పనులే. వకీలుగారింటి మోటారు షెడ్డు అతనికి సొంతంగా దొరికిన మొదటి పని. బూడిదరంగు సిమెంటు దిమ్మెలతో గోడలు లేపి ఎవరో వెళ్లిపోయారు. పైపూత అతని వంతు. ఇటుక గోడలు ఎన్నో పూశాడు గాని ఈ దిమ్మెలు కొత్త. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

వకీలుగారి భార్య రామేశ్వరమ్మ వచ్చి నేల మీది పెచ్చులు చూసింది.

"ఆదివారం మద్రాసు నుంచి కారొస్తాది మేస్త్రీ. ఈ గోడలు కుదిరితేనే కొత్త క్వార్టర్ల పనికి నీ పేరు చెప్పిస్తా."

"ఇంకా నాలుగు దినాలుండాయి కదమ్మా. చేసి చూపిస్తా!"

ఆమె లోపలికి వెళ్లగానే, నీళ్లు మోసే కూలిమనిషి కడవ దించింది. నిన్న కూలీల అడ్డాలో దొరికిన ముసలామె. పేరు హులిగెమ్మ.

"దిమ్మెకు జిడ్డుండాదప్పా."

"యాడిది జిడ్డు?"

"దిమ్మె ఊడి రావల్లని అచ్చుకు నూనె పూస్తారు. అది దిమ్మెకు అంటుకోనుంటాది. జిడ్డు మీద పూత నిలుస్తాదా?"

దావీదురాజు నవ్వాడు. "నీల్లు మోసేకి వచ్చినావా అవ్వా, నాకు పని నేర్పేకి వచ్చినావా?"

"రెండిటికీ వచ్చినా అనుకో."

అతను వినలేదు. సిమెంటు మాలు చిక్కగా కలిపి మళ్లీ పూశాడు.

మధ్యాహ్నానికి అదీ జారింది.

దావీదురాజు గొంతు తగ్గించి అడిగాడు. "ఏం జేయల్లో చెప్పవ్వా."

హులిగెమ్మ ఏటి గట్టున బట్టలుతికే వాళ్ల దగ్గర గంపెడు చవుడు మట్టి తెచ్చింది. కొబ్బరి పీచుతో దిమ్మెలన్నీ తోమించి, కడిగించింది.

మర్నాడు గోడ బాగా తడిపించి, పల్చటి సిమెంటు మాలును చీపురుతో గోడ మీదికి విసిరించింది. గోడంతా గరుకుగా పొక్కులు తేలింది.

"ఇప్పుడు పట్టు దొరికింది. రేపటిదాకా తడి ఆరనీయద్దు."

శుక్రవారం పొద్దున్నే దావీదురాజు తాపీ పట్టాడు. పూత గోడకు అంటుకుని కదల్లేదు. మధ్యాహ్నానికి మూడు గోడలు అయిపోయాయి. చర్చిలో పాడే కీర్తన ఒకటి కూనిరాగం తీస్తూ అన్నానికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి తాపీ హులిగెమ్మ చేతిలో ఉంది.

మిగిలిన పడమటి గోడను ఒక మూల తప్ప అంతా పూసేసింది.

దావీదురాజు పరుగున వెళ్లి తాపీ లాక్కున్నాడు.

"ఎవురన్నా చూస్తే నా బతుకేం గావల్ల? ఆడమనిషితో గోడ పూయించినాడని ఊరంతా నవ్వదా? ఇంక నువ్వు పో. రేపట్నుంచి రావద్దు."

హులిగెమ్మ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుంది.

"ఆ మూల బిరీన కలుపుకో నాయనా. ఆరిపోతే అతుకు పడతాది."

అంతే. వెళ్లిపోయింది.

ఆదివారం చర్చి నుంచి నేరుగా వకీలుగారింటికి వచ్చాడు దావీదురాజు. కారు షెడ్డులో కుదురుగా నిలబడి ఉంది.

రామేశ్వరమ్మ కారును పట్టించుకోలేదు. పడమటి గోడకు అరచెయ్యి ఆనించి, ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. మూల దగ్గర చెయ్యి ఆగింది.

"ఈ మూల తక్కిన గోడల మాదిరే ఉండాది. మూల వదిలితే ఈ గోడంతా పట్టుగుడ్డ ముట్టుకున్నట్టుండాది. క్వార్టర్లన్నీ ఇట్లే చేయగలవా?"

చేస్తానంటే చాలు, పని అతనిదే.

దావీదురాజు అతుకు వైపు చూశాడు. ఇప్పుడే దేవుడి సన్నిధిలో మోకరించి వచ్చిన మనిషి.

"ఆ మూలే నాదమ్మా. గోడ పూసింది కూలికొచ్చిన అవ్వ."

రామేశ్వరమ్మ అతణ్ణి ఎగాదిగా చూసింది.

"నిజం చెప్పినావు. పని నీకే ఇప్పిస్తా. అయితే ఆమె గూడా నీతో ఉండల్ల."

"ఉంటాదమ్మా. నా పక్కన మేస్త్రిగానే నిలబెట్టుకుంటా. ఎవురు నవ్వినా సరే."

అడ్డాకు దాదాపు పరుగెత్తాడు. హులిగెమ్మ లేదు. ఆమెతోపాటు మాలు మోసే హంపమ్మ ఉంది.

"పొద్దున రైలుకే పాయె గదప్పా. కూతురి కాడికి, మైసూరు పక్కకు. ఇంక ఈ పక్క రామని చెప్పిరి."

"రామంటే? ఇంకెవురు?"

"మొగుడు. పెద్దాసుపత్రిలో చూపిచ్చేకే ఆమె ఈడికొచ్చింది. లాభం లేదన్యారంట. ఎరికే కదా నీకు, ఆదోని ఈరన్న మేస్త్రి."

ఈరన్న మేస్త్రి పేరు తెలియని బేల్దారి ఆ జిల్లాలో లేడు. ఆదోనిలో పత్తి సావుకారి మేడను ఆయన పూసిన తీరు చూడ్డానికే పనివాళ్లు బండి కట్టుకుని పోతారు. చుట్టూ గోనెపట్టాలు కట్టి, ఎవర్నీ దగ్గరికి రానీయకుండా పూశాడని చెప్పుకుంటారు.

"నేనూ చూసినా ఆ మేడ. పూసి ఐదేండ్లు గూడా కాలేదు. అంత పెద్దాయన... ఏమైందాయప్పకు?"

"సున్నం పడి కండ్లు పోయినాయి," అంది హంపమ్మ గంప నెత్తికెత్తుకుంటూ. "పద్నాలుగేండ్లాయ."