లేచొచ్చిన హీరో

మాచర్లలోని తమ ఇంట్లో తహసీన్ కొత్తగా వచ్చిన సూపర్‌హీరో కామిక్స్ మంచం మీద పరిచి, ఫోనులో తన అభిప్రాయాలు రికార్డు చేస్తోంది. మొదటిదాంట్లో బొమ్మలు బాగున్నాయంది. రెండోదాంట్లో హీరో కన్నా విలనే నయమంది.

"మూడోది చానా చెత్త. పోయిన సంచికలో సముద్రంలో మునిగి చచ్చినోడు ఇందులో తిరిగొచ్చాడు. ఇట్టా లేపుకుంటా పోతే ఇంక చావుకి విలువేముంది?"

గుమ్మంలో తల్లి అమీనా బీ నిలబడి ఉంది. "ఎట్టా వచ్చాడే?"

తహసీన్ రికార్డింగ్ ఆపేసింది. "ఉత్త కథ, అమ్మీ."

"కథే చెప్పు."

పోయినేడు సాగర్ కాలువలో కొట్టుకుపోయిన అన్న శవం ఇంతవరకూ దొరకలేదు. తహసీన్ పుస్తకం తెరిచి బొమ్మలు చూపిస్తూ చెప్పింది. ఊరంతా ఏడ్చి సమాధి కట్టాక, ఒక సాయంత్రం ఆ హీరో తడిబట్టలతో నడిచి వచ్చాడు.

"వాళ్ళమ్మను గుర్తుపట్టాడా?"

ఆ కథలో అమ్మే లేదు. "గుర్తుపట్టాడు అమ్మీ," అంది తహసీన్.

అమీనా బీ బీరువాలోంచి కొడుకు లుంగీ, చొక్కా, తువ్వాలు తెచ్చి వీధి గుమ్మం పక్కన కుర్చీలో పెట్టింది. తలుపు బార్లా తెరిచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తలుపు మూయడానికి తహసీన్‌కి చేతులు రాలేదు.